ఎలక్ట్రిక్ క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకునేవాళ్లు జాగ్రత్త: మేం అడగకుండా వదిలేసినవి ఇవీ

పోయిన నెల ఆరు రోజులకు పూర్తి ఎలక్ట్రిక్ క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) ఒకటి అద్దెకు తీసుకున్నాం. మా వారు, నేను, తొమ్మిదేళ్ల పాప, మా అత్తయ్య గారు. ఆరు రోజుల్లో దాదాపు రెండు రోజులు ఛార్జింగ్ కోసమే పోయాయి. ఒక రాత్రి అత్తయ్య గారితో సహా అందరం చలికి వణికిపోయాం. చివరికి డిపాజిట్‌లో మూడో వంతు కోసేశారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరి దగ్గర తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎవరైనా బుక్ చేసుకునే ఆలోచనలో ఉంటే దయచేసి డబ్బు కట్టకముందే చదవండి.

బండి అప్పగించిన రోజు అక్కడి కుర్రాడు పావుగంటలో అన్నీ చూపించేశాడు. మంచం ఎలా పరవాలో, పైకప్పు ఎలా లేపాలో, నీళ్ల ట్యాంకు ఎక్కడుందో. ఛార్జింగ్ సంగతి అడిగితే సీటు కింద ఉన్న నల్ల సంచిని చేత్తో తట్టి, "అన్నీ ఇందులోనే ఉన్నాయి మేడమ్" అన్నాడు. మేం ఆ సంచి జిప్ తీసి చూడలేదు. చూసి ఉంటే సగం కష్టాలు ఉండేవి కావు.

ముందు రేంజ్ (ఒకసారి నింపితే బండి వెళ్లే దూరం) సంగతి చెప్తాను, ఎందుకంటే మా ప్లాన్ అంతా దాని మీదే కట్టుకున్నాం. ప్రకటనలో 320 కిలోమీటర్లు అని ఉంది. రోజుకు 250 పెట్టుకున్నాం, ఇంకా 70 మిగులుతుంది కదా అని ధీమా. మొదటి రోజు హైవే మీద 110 వేగంతో వెళ్తుంటే పాప వెనక నుంచి స్క్రీన్ మీద శాతం పైకి చదువుతోంది. "81... 77... 74..." అని ఆటలా మొదలుపెట్టింది. 40 కిందికి దిగేసరికి మా వారు చదవడం ఆపమన్నారు. 150 కిలోమీటర్లకే 30 శాతానికి వచ్చేసింది.

ఆ 320 అబద్ధం కాదు, కానీ అది మన ప్రయాణం లెక్క కాదు. ఆ అంకె డబ్ల్యూఎల్‌టీపీ అనే ల్యాబ్ పరీక్షది. అరగంట పాటు, 23 కిలోమీటర్ల దూరానికి, రోలర్ల మీద చేస్తారు. అందులో సగటు వేగం గంటకు 46 కిలోమీటర్ల చిల్లర మాత్రమే. మా విషయంలో ఆ అంకె ఖాళీ వ్యాన్‌ది. క్యాంపర్‌గా మార్చాక మంచాలు, స్టవ్, నీళ్లు, లేచే పైకప్పు, పక్కన చుట్టి ఉండే గుడారం, వీటితో పాటు మనుషులు, సామాను. బరువు కన్నా గాలి ఎక్కువ ఛార్జ్ తింటుంది. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది. అంటే 90 నుంచి 110కి వెళ్తే గాలిని చీల్చడానికి పట్టే బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. వ్యాన్ ముందు భాగం గోడలా ఉంటుంది కాబట్టి కారు కన్నా ఇక్కడ దెబ్బ ఎక్కువ.

మా బండి బ్యాటరీ వాడుకోదగినది 60 యూనిట్లు (ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్, కరెంటు బిల్లులో ఉండేదే). 110 వేగంలో 100 కిలోమీటర్లకు 28 యూనిట్లు తాగింది. 60ని 28తో భాగిస్తే 214 కిలోమీటర్లు. అది కూడా మొదటి రోజు ఒక్కసారే. ఆ తర్వాత దారిలో ఎవరూ వంద శాతం నింపుకోరు, 80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. సున్నా దాకా తీసుకెళ్లే ధైర్యమూ ఎవరికీ ఉండదు. 10 నుంచి 80 దాకా అనుకుంటే చేతిలో ఉండేది 42 యూనిట్లు, అంటే 150 కిలోమీటర్లు. ప్రకటనలో 320, రోడ్డు మీద 150. ఈ ఒక్క లెక్క మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే రూట్ వేరేలా వేసుకునేవాళ్లం.

కాబట్టి రేంజ్ ఎంత అని అడగొద్దు. బ్యాటరీలో వాడుకోదగినది ఎన్ని యూనిట్లు, ఫాస్ట్ ఛార్జింగ్‌లో బండి గరిష్ఠంగా ఎన్ని కిలోవాట్లు తీసుకుంటుంది (అంటే ఎంత వేగంగా నిండుతుంది), ఏ ప్లగ్ అని అడగండి. బండ్ల మధ్య తేడా చాలా ఉంటుంది. నిస్సాన్ ఈ-ఎన్‌వీ200ని మార్చి చేసిన చిన్న క్యాంపర్లు 40 యూనిట్ల బ్యాటరీతో, ఛాడెమో అనే పాత రకం ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్‌తో దొరుకుతాయి. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ బజ్ తొలి మోడళ్లలో వాడుకోదగినది 77, మెర్సిడెస్ ఈక్యూవీలో 90. యూరప్‌లో కొత్త ఫాస్ట్ ఛార్జర్లన్నీ దాదాపు సీసీఎస్ అనే ఇంకో రకం ప్లగ్‌తోనే వస్తున్నాయి, ఛాడెమో తగ్గిపోతోంది. అద్దె తక్కువగా ఉందని పాత చిన్న బండి తీసుకుంటే ఆ తేడా రోడ్డు మీద కట్టాల్సి వస్తుంది.

30 శాతం దగ్గర మ్యాప్‌లో కనిపించిన ఛార్జర్‌కి వెళ్లాం. అది పైకప్పు ఉన్న పార్కింగ్ లోపల ఉంది. గేటు దగ్గర అడ్డంగా ఎత్తు కమ్మీ, దాని మీద 2.0 మీటర్లు అని రాసి ఉంది. మా బండి ఎత్తు ఎంతో మాకు తెలియదు. మా వారు దిగి, చెయ్యి పైకెత్తి కమ్మీకీ కప్పుకీ మధ్య చూసి వెనక్కి తిప్పమన్నారు. పత్రాల్లో వెతికితే 2.05 అని ఉంది. ఐదు సెంటీమీటర్ల కోసం వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఛార్జర్ యాప్‌లు చాలావాటిలో ఎత్తు సంగతి ఉండదు, ఎందుకంటే అవి కార్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. బండి ఎత్తు, పొడవు ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ దగ్గర అతికించుకోండి. ఛార్జింగ్ ప్లగ్ బండికి ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. పొడవాటి బండికి చాలాచోట్ల కేబుల్ అందదు, అడ్డంగా పెట్టి రెండు చోట్లు ఆక్రమించాల్సి వస్తుంది, వెనక వచ్చేవాళ్లతో మాటలు పడాల్సి వస్తుంది.

ఇంకో 30 కిలోమీటర్లు వెళ్లి రెండో ఛార్జర్ చేరేసరికి 16 శాతం. కంపెనీ ఇచ్చిన ఛార్జింగ్ కార్డు పెడితే చెల్లదని చూపించింది. నాలుగుసార్లు పెట్టాం. వాళ్ల హెల్ప్‌లైన్ మోగి మోగి ఆగిపోయింది. చివరికి ఆ ఛార్జర్ యాప్ దించుకుని, బ్యాంకు కార్డు ఎక్కించి మొదలుపెట్టేసరికి పాతిక నిమిషాలు పోయాయి. స్తంభం మీద 150 కిలోవాట్లు అని ఉంటే సంతోషపడ్డాం. మా బండి మాత్రం 50కి మించి తీసుకోలేదు. వెనక ఇద్దరు ఎదురుచూస్తున్నారు, చీకటి పడుతోంది, 60 శాతం దగ్గర తీసేసి బయల్దేరాం.

మిగిలింది 70 కిలోమీటర్లే అనుకున్నాం, కానీ అందులో ఘాట్ రోడ్డు ఉంది. మూడు టన్నుల బండిని వెయ్యి మీటర్లు పైకి ఎక్కించడానికే ఎనిమిది యూనిట్లకు పైగా కావాలి, అది కూడా నష్టాలు కలపకుండా. కొండ మీది క్యాంప్ సైట్ చేరేసరికి 22 శాతం.

ఆ రాత్రి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "రాత్రికి క్యాంప్ సైట్‌లో ప్లగ్ పెట్టేస్తే పొద్దుటికి ఫుల్" అనే మాట మీరు కూడా వింటారు. మాకు ఇచ్చిన ప్లగ్ పాయింట్ 10 ఆంపియర్లది. 230 వోల్టుల మీద అది 2.3 కిలోవాట్లు. నష్టాలు పోగా బ్యాటరీలోకి గంటకు రెండు యూనిట్లు. 60 యూనిట్ల బ్యాటరీలో 22 శాతం నుంచి నింపాలంటే దాదాపు ఒక రోజంతా పడుతుంది. అయినా పర్వాలేదు, ఎంత ఎక్కితే అంత అని తొమ్మిదింటికి పెట్టాం.

పదకొండు దాటాక చలి పెరిగింది. వ్యాన్‌లో హీటర్ నొక్కితే ఎర్ర దీపం వెలిగి ఆగిపోయింది. పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఆ హీటర్ డీజిల్‌తో నడుస్తుందట. ప్రకటనలో పూర్తి ఎలక్ట్రిక్ అని రాసిన బండిలో పడుకునే భాగం వేడి చేయడానికి చిన్న డీజిల్ ట్యాంకు ఉంది, అది ఖాళీ. క్యాంపర్లలో ఇది మామూలేనట, మాకు చెప్పినవాళ్లు లేరు. ఒంటిగంటకి ఇక తట్టుకోలేక, క్యాంప్ ఆఫీసులో అడిగి తెచ్చుకున్న చిన్న రూమ్ హీటర్ పెట్టాం. అది 2000 వాట్లు. పెట్టిన మరుక్షణం టక్‌మని చప్పుడు, బయట స్తంభం మీద పచ్చ దీపం ఆరిపోయింది. బ్రేకర్ తాళం వేసిన పెట్టెలో ఉంది, ఆఫీసులో అప్పటికి ఎవరూ లేరు. హీటరూ లేదు, ఛార్జింగూ లేదు. ఉన్న దుప్పట్లన్నీ అత్తయ్య గారికీ పాపకీ కప్పి మేమిద్దరం ముందు సీట్లలో కూర్చున్నాం. పొద్దున స్క్రీన్ మీద 35 శాతం.

తెల్లారాక వచ్చిన మేనేజర్ ఆ ప్లగ్ బండ్ల ఛార్జింగ్‌కి వాడకూడదన్నారు. చాలా క్యాంప్ సైట్లలో ఇదే నియమం, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆయన మంచి మనిషి, ఆఫీసు పక్కన 11 కిలోవాట్ల టైప్ 2 (ఫాస్ట్ కాని మామూలు ఛార్జింగ్‌కి వాడే ప్లగ్ రకం) పాయింట్ ఉంది, మీ కేబుల్ తెచ్చుకుని పెట్టుకోండి, నాలుగైదు గంటల్లో నిండుతుందన్నారు. అప్పుడు తెరిచాం ఆ నల్ల సంచి. మామూలు గోడ ప్లగ్‌కి పెట్టే సన్న కేబుల్ ఒకటి, అడాప్టర్ ఒకటి. టైప్ 2 కేబుల్ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, "మేం ఇచ్చాం మేడమ్, మీ దగ్గరే ఉండాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నం కొండ దిగుతూ వెళ్లి కింద ఛార్జర్ పట్టుకున్నాం. దిగేటప్పుడు మోటారు కరెంటు వెనక్కి ఎక్కించి 35 కాస్తా 40 అయింది, పాప మళ్లీ శాతాలు చదివింది. ఆ అరగంట మాత్రం నిజంగా హాయిగా ఉంది. ఇంజిన్ చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా లోయలోకి జారుతున్నట్టు. ఎలక్ట్రిక్ క్యాంపర్ వద్దని నేను అనడం లేదు. తెలిసినవాళ్లు సరైన బండితో, తక్కువ దూరాలు పెట్టుకుంటే బాగుంటుంది.

ఇంట్లో ఎవరికైనా ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందులు ఉంటే ఇది తప్పకుండా చూడండి. కింద 60 యూనిట్ల బ్యాటరీ ఉన్నా ఫ్రిజ్, లైట్లు దాని మీద నడవవు. వాటికి వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మాది 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ, అంటే మొత్తం 1.2 యూనిట్లు. లెడ్ రకంలో సగానికి మించి వాడితే పాడవుతుంది. నాలుగో రోజు బండి కదపకుండా ఒకేచోట ఉన్నాం, మర్నాడు పొద్దున ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. అందులో అత్తయ్య గారి ఇన్సులిన్ ఉంది. వాడుతున్న పెన్ బయట ఉన్నా కొన్నాళ్లు ఫర్వాలేదు గానీ తెరవనివి చల్లగా ఉండాలి. వాటిని పట్టుకుని మందుల షాపు వెతుక్కున్నాం. ఆ చిన్న బ్యాటరీ ఏ రకం, ఎంత సామర్థ్యం, బండి ఆగి ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ నుంచి దానికి ఛార్జింగ్ వెళ్తుందా అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి.

తిరిగిచ్చే రోజు బండిలో 80 శాతం ఉండాలని కాంట్రాక్టులో ఉంది. పెట్రోల్ అయితే ఐదు నిమిషాల పని. ఇక్కడ దగ్గరి ఛార్జర్ దగ్గర క్యూ ఉంటే రెండు గంటలు మన సమయంలోంచే పోతాయి. మేం గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా, 71 శాతంతో ఇచ్చాం. రెండింటికీ కోత పడింది. కాంట్రాక్టులో ఇంకో వాక్యం కూడా తర్వాతే చూశాం. ఛార్జింగ్ అయిపోయి దారిలో ఆగితే రోడ్డు సహాయం వర్తించదట. ఇలాంటి బండిని చక్రాల మీద లాక్కెళ్లకూడదు, వెనక ప్లాట్‌ఫారం ఉన్న లారీ మీదకి ఎక్కించే తీసుకెళ్లాలి. ఆ ఖర్చు మొత్తం మనదే. కింది భాగం రాయికి తగిలి బ్యాటరీకి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఇస్తుందా లేదా అన్నది కూడా అడగండి. మా కాంట్రాక్టులో లేదు.

వచ్చాక మా దగ్గరున్న రుజువులన్నీ పంపాం. కార్డు చెల్లలేదన్న స్క్రీన్ ఫోటో, హెల్ప్‌లైన్‌కి చేసిన కాల్స్ జాబితా, ఖాళీ డీజిల్ ట్యాంకు సూచిక, ఆగిపోయిన ఫ్రిజ్, మొత్తం 11 ఫోటోలు. మూడు ఈమెయిళ్ల తర్వాత ఆలస్యానికి కోసింది తిరిగి ఇచ్చారు. టైప్ 2 కేబుల్ పోగొట్టామని కోసింది మాత్రం ఇవ్వలేదు. బండి తీసుకున్న రోజు ఆ సంచి తెరిచి ఒక ఫోటో తీసి ఉంటే అడగడానికి ఆధారం ఉండేది. ఆ ఫోటో మా దగ్గర లేదు.