పదిహేనేళ్ల తర్వాత మళ్లీ బ్లాక్ మెసాలో

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు, మా ఇంట్లో బియ్యం, అమ్మ పట్టుచీరలు, నాన్న సర్వీసు కాగితాలతో పాటు నా కంప్యూటరు కూడా మునిగింది. నీళ్లు తీశాక సీపీయూ మూత విప్పితే లోపల బెత్తెడు బురద. ఆ బురద కింద హార్డ్ డిస్కులో హాఫ్ లైఫ్ అనే వీడియో గేములో నా సేవ్ ఫైలు ఉంది, జెన్ అనే ఆఖరి భాగం దాకా వచ్చి ఆగిన ఆట. చీరలు పోయాయని ఏడుస్తున్న ఇంట్లో దీని గురించి ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోలేదు.

మొన్న వేసవి సెలవులకి అక్క కొడుకు మా ఇంటికొచ్చాడు. వాడికి చూపిస్తానన్న వంకతో ఆ ఆటనే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల అంగడిలో సేల్ చూసి కొన్నాను. ఇద్దరం ఉగ్గాని బజ్జీ తిని టీ తాగితే అయ్యేంత ఖర్చు. రాత్రిపూట గంటో రెండు గంటలో ఆడుతూ పన్నెండు రోజుల్లో పూర్తి చేశాను.

ఈ ఆటతో నా పరిచయం దొడ్డిదారిన జరిగింది. 2003లో డిప్లొమా చదివేటప్పుడు రాజ్‌విహార్ దగ్గర ఒక మేడమీది నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడేవాళ్లం. మేం ఆడే 1.5 వెర్షన్ హాఫ్ లైఫ్ మీద ఎక్కించుకునే మాడ్, అంటే ఆ ఆటనే మార్చి కట్టిన ఇంకో ఆట. హాఫ్ లైఫ్ లేకపోతే అది నడవదు. అందుకని ప్రతి సిస్టమ్‌లోనూ హాఫ్ లైఫ్ ఉండేది, దాన్ని తెరిచే నాథుడు మాత్రం ఉండేవాడు కాదు. ఒకరోజు ల్యాన్ పడిపోతే ఊరికే కూర్చోలేక నేను తెరిచాను. అయిదు నిమిషాలు ట్రామ్‌లో కూర్చోబెట్టి తిప్పింది. చేతిలో తుపాకీ లేదు, కాల్చడానికి ఎవరూ లేరు. పక్కవాడు తొంగిచూసి "ఇదేం గేమ్‌రా, ఆర్టీసీ బస్సా?" అన్నాడు.

ఇప్పుడు నేను ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో టెక్నీషియన్‌ని. రోజూ పొద్దున బస్సెక్కి, కిటికీలోంచి ఫెన్సింగులూ గేట్లూ చూసుకుంటూ డ్యూటీకి పోతుంటాను. అందుకే ఆ ట్రామ్ ఈసారి తిన్నగా తగిలింది. ఆటలో మనం ఆడే గోర్డన్ ఫ్రీమన్ కూడా బ్లాక్ మెసా అనే ల్యాబులో డ్యూటీకి ఆలస్యమైన ఉద్యోగే కదా! మైకులో ఒకావిడ టైము ఎనిమిదీ నలభై ఏడనీ, పైన వేడి 93 డిగ్రీలనీ, 105 దాకా పోవచ్చనీ చెబుతుంది. ఫారన్‌హీట్‌లో లెండి. మన లెక్కలో నలభైన్నర. న్యూ మెక్సికో ఎడారి అంటే ఏమో అనుకున్నాను, మా ఊరి మే నెలే.

1998 నవంబర్‌లో వచ్చిన ఈ ఆట వాల్వ్ కంపెనీకి మొదటిది. క్వేక్ అనే ఇంకో ఆటని నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్ తీసుకుని బాగా మార్చుకుని కట్టారు. కథ చెప్పడానికి ఎక్కడా ఆట ఆపి సినిమా వేయరు. మొదటినుంచి చివరిదాకా గోర్డన్ కళ్లతోనే చూస్తాం, అతను ఒక్క మాటా మాట్లాడడు. సైంటిస్టు ఏదో చెబుతుంటే మనం వినకుండా పక్కగదిలోకి పోయి మైక్రోవేవ్ బటన్ నొక్కి ఎవరిదో భోజనం పేల్చేయొచ్చు. (పేల్చాను. అప్పుడూ, ఇప్పుడూ.) పెట్టె మీద కనిపించే లాంబ్డా గుర్తు ఇంటర్ ఫిజిక్స్‌లో మనం చదువుకున్న విఘటన స్థిరాంకమేనని, హాఫ్ లైఫ్ అంటే రేడియోధార్మిక పదార్థం సగం తరగడానికి పట్టే అర్ధజీవిత కాలమేనని నాకు ఈసారే వెలిగింది. ఇంటర్ ఫిజిక్స్‌లో నా మార్కులు అడక్కండి.

బ్లాక్ మెసాలో ఒక ప్రయోగం వికటించి, వేరే లోకపు జంతువులు ల్యాబులోకి ఊడిపడ్డాక అసలు ఆట మొదలవుతుంది. నన్ను కట్టిపడేసింది ఆ జంతువులు కాదు, ఆ భవనం. ఆఫీస్ కాంప్లెక్స్ అనే భాగం మొదట్లో వరండా నిండా నీళ్లు, అందులో తెగిపడిన కరెంటు వైరు చిటపటలాడుతుంటుంది. అడుగు పెడితే ఖతం. స్విచ్ ఎక్కడుందో వెతికి ఆపాలి. డిప్లొమా కుర్రాడిగా దీన్ని ఒక పజిల్ అనుకుని దాటేశాను. వరద తగ్గాక మా ఇంటి గుమ్మంలో నాన్న మమ్మల్నందర్నీ ఆపి, మెయిన్ ఆఫ్ అయిందో లేదో తేలేదాకా ఒక్కర్నీ లోపలికి పోనివ్వలేదు. ఈసారి ఆ వరండా దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాసేపు కీబోర్డు ముట్టుకోలేదు.

గోర్డన్ ఎంఐటీలో థియరెటికల్ ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసినవాడు. ఆటంతా చేసేది మాత్రం మా పనే: వాల్వులు తిప్పడం, జనరేటర్ స్టార్ట్ చేయడం, సప్లై ఎక్కడ పోయిందో వెతకడం. ఒకచోట పెద్ద ఫ్యాన్ కిందికి దిగి, స్విచ్ వేసి, అది వేగం అందుకునేలోపు పైకి ఎక్కేయాలి. ఎల్‌సీ (లైన్ క్లియర్) లేదు, పర్మిట్ లేదు, తోడుగా ఇంకో మనిషి లేడు. మా సేఫ్టీ ఆఫీసరు చూస్తే గోర్డన్‌కి ఆ రోజే మెమో.

ఆ ఫ్యాన్ ఉన్న భాగం పేరు బ్లాస్ట్ పిట్. ఆట మొత్తంలో నాకు ఇదే గొప్పది. రాకెట్ ఇంజిన్ పరీక్షించే లోతైన గొయ్యిలోంచి మూడు ఆకుపచ్చటి మెడలు పైకి లేచి ఉంటాయి, కొసన ఇనుప గడ్డపార లాంటి ముక్కు. వాటికి కళ్లు లేవు, చప్పుడే ఆధారం. మెట్ల మీద పరిగెత్తితే టంగ్‌మని ఆ ముక్కు మన నెత్తిన దిగుతుంది. తూటాలకి చావవు. ఒక పక్కకి గ్రెనేడ్ విసిరితే మూడూ అటు తిరిగి అక్కడి రేకుని పొడుస్తాయి, ఆ సందులో వంగి వంగి ఇటునుంచి దిగాలి. ఇంధనం, ఆక్సిజన్, కరెంటు మూడూ పైకి అందేలా చేసి వచ్చి, కంట్రోల్ రూములో బటన్ నొక్కితే ఇంజిన్ మండి వాటిని కాల్చేస్తుంది. ఇది చేయి, అది చేయి అని తెర మీద బాణం గుర్తు ఒక్కటీ ఉండదు. పైపు ఎటు పోతుందో చూసి మనమే అర్థం చేసుకోవాలి.

అంతకుముందు దాకా "ఏంది మామా, ఈయప్పకి వేళ్లు లేవా, చేతులు డబ్బాల మాదిరి ఉండాయే!" అని నవ్విన మావాడు, అక్కడ కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు. నేను ఎఫ్6 కొట్టి సేవ్ చేస్తుంటే "మామా, మెల్లగా నొక్కు, అది వింటాది" అన్నాడు.

ప్రయోగం వికటించాక ల్యాబులోకి దిగే సైనికులు ఇప్పటికీ ముప్పుతిప్పలు పెడతారు. మూలలో నక్కితే గ్రెనేడ్ వేసి బయటికి రప్పిస్తారు. మొదటిసారి వాళ్లు వచ్చినప్పుడు, మమ్మల్ని కాపాడ్డానికే వచ్చారని ఒక సైంటిస్టు చేతులూపుకుంటూ ఎదురుపోతాడు, అతన్నే కాల్చేస్తారు. ఆ పదిక్షణాల్లో ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

బాగోలేనివీ ఉన్నాయి. నిచ్చెనలు పరమ దరిద్రం. శత్రువుల చేతుల్లో కన్నా నిచ్చెన మీంచి జారే ఎక్కువసార్లు చచ్చాను. ఆన్ ఎ రైల్ భాగంలో పట్టాల వెంట తిరిగి తిరిగి ఏ సొరంగం ఏదో తెలియక విసుగొచ్చింది. ఇక జెన్. అప్పట్లో నేను అక్కడ ఆగిపోవడం నా చేతగానితనం అనుకున్నాను. కాదు, ఆ భాగమే అంత. అంత బాగా కట్టిన భవనంలోంచి తీసుకెళ్లి గాల్లో తేలే రాళ్ల మీద పడేస్తారు. వంగి, దూకి, దూరం లెక్క తప్పి, కింద పడి, ఎఫ్7 కొట్టి సేవ్ చేసిన చోటినుంచి మళ్లీ మొదలు. చివర్లో నైహిలాంత్ అనే పెద్దతలవాడితో పోరు టెన్షన్ కన్నా తలనొప్పే ఎక్కువ. ఈ భాగం మీద ఓపిక లేనివాళ్లు 2020లో పూర్తయిన బ్లాక్ మెసా అనే రీమేక్ ఆడొచ్చు, అందులో జెన్‌ని దాదాపు కొత్తగా కట్టారు. కానీ మొదటిసారి ఆడేవాళ్లకి నేను పాతదే ఇస్తాను. 2023 నవంబర్‌లో ఇరవై అయిదేళ్లు నిండాయని ఇచ్చిన అప్‌డేట్‌తో వెడల్పు తెరలకి కూడా సరిగ్గా సర్దుకుంటోంది. నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ తిరిగిన చప్పుడు కూడా లేదు.

నేను ముగించిన మర్నాడే మావాడు తన పేరుతో కొత్త ఆట మొదలుపెట్టాడు. ప్రస్తుతం బ్లాస్ట్ పిట్ దగ్గర ఉన్నాడు. గ్రెనేడ్లన్నీ ముందే సైనికుల మీద తగలేసుకున్నాడు. "మామా, ఇంకేమన్నా దారి ఉందా?" అని రెండుసార్లు అడిగాడు. నేను పేపరు చదువుకుంటున్నాను.