బోర్డు మీద ఒక పేరు, జనం నోట ఇంకో పేరు: లండన్ పాత పబ్బులు

లండన్‌లో పాత పబ్బులు చూడాలనుకుంటే ఫిట్జ్‌రోవియా చుట్టుపక్కల దిగడం మేలు. మేం ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ దగ్గరి ఇండియన్ వైఎంసీఏలో దిగాం. 1920లో మన దేశపు విద్యార్థుల కోసం మొదలైన సంస్థ అది. గదులు హాస్టల్ తరహాలో ఉంటాయి, క్యాంటీన్‌లో మన తిండి దొరుకుతుంది. అంతకుముందు ఊరి చివర ఒక చోట చవకని దిగితే, మిగిలిందంతా రైలు చార్జీలకే పోయింది. ఇక్కణ్నుంచైతే నేను చెప్పే, జనం ముద్దుపేర్లు పెట్టిన పబ్బులన్నిటికీ నడిచే వెళ్లొచ్చు.

మొదట గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్‌లోని 'ది జార్జ్'. దీన్ని 'గ్లూపాట్' అనేవారు, అంటే జిగురు డబ్బా. పక్కనే ఉన్న క్వీన్స్ హాల్‌లో రిహార్సల్ మధ్య బయటికెళ్లిన వాద్యకారులు ఇక్కడే అతుక్కుపోయేవారట. విసిగిపోయిన సర్ హెన్రీ వుడ్, అంటే వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్, పెట్టిన పేరని చెబుతారు. ఏటా వేసవిలో జరిగే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతోత్సవం 'ప్రామ్స్' 1895లో మొదలైంది ఆ హాల్లోనే. 1941 మే నెలలో బాంబులకు హాలు కాలిపోయింది, ఆయన తిట్టు మాత్రం నిలిచిపోయింది. లోపలి చెక్కపని, చెక్కిన అద్దాల కోసమైనా ఒకసారి చూడాలి.

గ్రెస్ స్ట్రీట్‌లోని 'బ్రిక్‌లేయర్స్ ఆర్మ్స్' కథ నాకు ఇంకా నచ్చింది. రాత్రిపూట దొంగలు పడి, దోచుకోవడం మాని, దొరికినంత తాగి అక్కడే పడుకున్నారట. పొద్దున చూస్తే ఖాళీ సీసాలే సాక్ష్యం. అప్పట్నుంచి అది 'బర్గ్లర్స్ రెస్ట్', అంటే దొంగల విశ్రాంతి. ఇంత చిన్న సందులో వెతుక్కుని వెళ్లాలా అంటే, నేనైతే వెళ్లమనే చెబుతా.

షార్లెట్ స్ట్రీట్‌లోని 'ఫిట్జ్‌రాయ్ టావెర్న్' పాతవాళ్ల నోట 'క్లైన్‌ఫెల్డ్స్'. మన ఊళ్లో హోటల్‌కి దేవుడి పేరున్నా జనం ఓనరు పేరుతోనే పిలిచినట్టు, ఇదీ యజమాని జూడా క్లైన్‌ఫెల్డ్ పేరే. చిల్లర డబ్బుని కాగితంలో చుట్టి బాణానికి గుచ్చి సీలింగ్‌కి విసిరేవారు, ఆ డబ్బుతో పేట పిల్లల్ని విహారానికి తీసుకెళ్లేవారు. మొత్తం పేటకే ఫిట్జ్‌రోవియా అన్న పేరు ఈ పబ్బు వల్లే వచ్చిందంటారు.

మా బావగారు మందు ముట్టరు. ఆయనకు ఎక్కడా ఇబ్బంది కాలేదు, లైమ్ సోడా అడిగితే మారుమాట లేకుండా ఇచ్చారు. కాకపోతే బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికెళ్లి చెప్పి, డబ్బు కట్టి, గ్లాసు మనమే తెచ్చుకోవాలి. శాకాహారులు కడుపు నింపుకునే పని డ్రమండ్ స్ట్రీట్‌లోని మన హోటళ్లకు వదిలేయడమే సుఖం.

కోవెంట్ గార్డెన్ దగ్గరి 'ల్యాంబ్ అండ్ ఫ్లాగ్' కు 'బకెట్ ఆఫ్ బ్లడ్' అని పేరు. ఉత్త పిడికిళ్లతో పందెం పోట్లాటలు జరిగేవట. పక్క సందులోనే 1679లో కవి జాన్ డ్రైడెన్‌ని కిరాయి మనుషులు చితకబాదారు. పేరు భయంకరంగా ఉంది గానీ సాయంత్రం అక్కడ కనిపించేది ఆఫీసు జనం, మనలాంటి టూరిస్టులు.

ఒక్కటే చూసే వీలుంటే సోహోలోని డీన్ స్ట్రీట్‌కి వెళ్లండి. అక్కడి 'యార్క్ మిన్‌స్టర్' పబ్బుని 1914లో విక్టర్ బెర్లెమాంట్ కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దేశం వదిలొచ్చిన ఫ్రెంచివాళ్లు ఇక్కడ చేరేవారు, వాళ్ల నాయకుడు జనరల్ ద గాల్ కూడా వచ్చేవాడంటారు. జనం 'ఫ్రెంచ్ పబ్' అనడం మొదలెట్టారు. 1984లో యార్క్ నగరంలోని అసలు మిన్‌స్టర్ చర్చి అగ్నిప్రమాదంలో దెబ్బతింటే, దాని మరమ్మతుకు పంపిన చందాలు కొన్ని పొరపాటున పబ్బుకి వచ్చాయట! అప్పుడే బోర్డు మార్చి 'ఫ్రెంచ్ హౌస్' అని రాసేశారు. నేను చూసినవాటిలో ముద్దుపేరు బోర్డెక్కింది ఇదొక్కటే.

లోపల పాటల్లేవు, టీవీ లేదు, ఫోన్లో మాట్లాడనివ్వరు. జాగా ఇరుకు, సాయంత్రమైతే నిలబడాల్సిందే. అందుకే మధ్యాహ్నమే వెళ్లాం. బీరు అర పైంట్ గ్లాసుల్లోనే పోస్తారు (పైంట్ అంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ). నిండు పైంట్ కావాలంటే ఏప్రిల్ 1న రావాలి, ఆ ఒక్కరోజే ఇస్తారు. పైన చిన్న భోజనాల గది ఉంది, అక్కడ తినాలనుంటే ముందే బుక్ చేసుకోండి.