ఫోర్కు అడుగు బోల్టుకి ఇంపాక్ట్ రెంచ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పాత బండి ఫ్రంట్ ఫోర్కులు ఒక్కసారి విప్పినవాళ్లకి అడుగున ఉండే ఆలెన్ బోల్టు (తలలో ఆరు మూలల గుంట ఉండేది) గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. యాక్సిల్ రంధ్రం దాటి లోపలెక్కడో ఉంటుంది. కీ పెట్టి తిప్పితే హాయిగా తిరుగుతుంది, కానీ ఊడి రాదు. ఎంతసేపు తిప్పినా అంతే. అది బిగుసుకుని ఉండేది లోపలున్న డ్యాంపర్ రాడ్‌కి, అంటే నూనె సాయంతో ఫోర్కు ఊగిసలాటని అదుపు చేసే బోలు కడ్డీకి. ఆ రాడ్‌ని కదలకుండా ఉంచేది పైనుంచి స్ప్రింగు నొక్కే బలం ఒక్కటే. ఆ పట్టు చాలకపోతే బోల్టుతో పాటు రాడ్ కూడా తిరిగిపోతుంది. నేను బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ కొన్నదే ఈ బోల్టు కోసం. దాని మీద ఇప్పటికీ తగ్గని ఇష్టం కూడా ఈ ఒక్క పని వల్లనే.

వోల్టులు, బరువు, లైటు లాంటివన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటిని వదిలేస్తున్నాను.

మామూలు కీతో మనం వేసే బలం నెమ్మదిగా, ఆగకుండా పడుతుంది. దానివల్ల రాడ్‌కి బోల్టు వెంట తిరిగే తీరిక దొరుకుతుంది. ఇంపాక్ట్ రెంచ్‌లో మాత్రం ఒక బరువైన సుత్తి తిరుగుతూ బిట్టుని దెబ్బ మీద దెబ్బ కొడుతుంది. ఒక్కో దెబ్బ క్షణంలో చిన్న ముక్క. రాడ్ కదలబోయేలోపే బోల్టు మరల (థ్రెడ్ల) దగ్గర పట్టు విడిపోతుంది. స్ప్రింగు, పై క్యాప్ తీయకుండా అలాగే ఉంచి, ఫోర్కుని గట్టిగా నొక్కి పట్టి ట్రిగ్గర్ నొక్కితే చాలాసార్లు రెండు మూడు సెకన్లలో బోల్టు చేతిలోకి వచ్చేస్తుంది. అంతకుముందు అదే బోల్టుతో సాయంత్రాలకు సాయంత్రాలు గడిపినవాడికి ఆ ఆనందం ఎలాంటిదో వేరే చెప్పాలా!

ఇంకో మంచి విషయం, దీని చప్పుడు. కటకటమని కొడుతోందంటే బోల్టు ఇంకా పట్టి ఉందన్నమాట. ఉన్నట్టుండి దెబ్బలు ఆగి జుయ్‌మని తిరిగితే బోల్టు వదిలి ఉండాలి, లేదా రాడ్ వెంట తిరుగుతుండాలి. బోల్టు తల కిందికి దిగుతూ, రాగి వాషర్ పక్కనుంచి నూనె కారడం మొదలైతే వదిలినట్టే. కింద ముందే ట్రే పెట్టుకోవాలి.

ఇన్నాళ్లూ "ఇదొక్కటుంటే చాలు" అని అడిగినవాళ్లందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాటకి ఇప్పుడు కొంచెం చేర్చాలి, కారణం ఈ మధ్య విప్పిన ఒక ఫోర్కు.

ఫోర్కు కుడి కాలి బోల్టు ఎప్పటిలాగే వచ్చేసింది. ఎడమది మాత్రం మొదటి నుంచీ జుయ్‌మనే. బోల్టు తల కిందికి దిగలేదు, నూనె చుక్క కూడా రాలేదు. ఫోర్కుని తలకిందులుగా చెక్క మీద నిలబెట్టి, కింది కేసు (బయటి అల్యూమినియం గొట్టం) మీద ఇద్దరం బరువు వేసి నొక్కినా అదే చప్పుడు. లోపలి స్ప్రింగు ఏళ్ల తరబడి వాడకంలో బలం తగ్గి, రాడ్‌ని నొక్కి ఉంచలేకపోతోందని అర్థమైంది. పైగా అంతకుముందు ఎవరో మరలకి గట్టి రకం థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పూసే జిగురు) దట్టంగా పట్టించారు. ఆ రకం మెత్తబడాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి. పెయింటు వేసిన అల్యూమినియం కేసుకి అంత వేడి పెట్టడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు పనికొచ్చింది పాత పద్ధతే. డ్రెయిన్ స్క్రూ తీసి నూనె మొత్తం దించాం. క్యాప్, స్ప్రింగు బయటికి తీసి, గట్టి చెక్క కర్ర ఒకదాని కొసని కొంచెం సన్నంగా చెక్కి, పైప్‌లోంచి రాడ్ నోట్లోకి దూర్చి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాం. బోల్టు చుట్టూ వేడి గాలి గన్‌తో ఓపిగ్గా కాస్త వేడి పట్టించాం. లోపల నూనె తడి ఉంటుంది కాబట్టి మంట మాత్రం చూపించకూడదు. స్నేహితుడు కర్రని ఒళ్లంతా బరువేసి లోపలికి తోస్తూ పట్టుకుంటే, నేను రెంచ్‌ని ఆపి ఆపి నొక్కాను. కొంతసేపటికి జుయ్‌మన్న చప్పుడు కటకటగా మారింది. ఆ కటకట విన్నాక బోల్టు ఎక్కువసేపు నిలవలేదు. మరల నిండా ఎండిన ఎర్రటి లాకర్ పొడి. తర్వాత రాడ్‌ని విడదీసి కడిగాం. కర్ర పీచు దాని చిన్న రంధ్రాల్లో ఇరుక్కుంటే డ్యాంపింగే పోతుంది, ఆ కడగడం మాత్రం వదలకూడదు.

అంటే ఆ రోజు గెలిపించింది కర్రా, వేడీ, రెంచ్ మూడూ కలిసి. కర్ర ఒక్కటే ఉండి చేత్తో తిప్పి ఉంటే వచ్చేదేమో కూడా. అయినా రెంచ్ లేకుండా ఆ పని మొదలుపెట్టడం నాకిప్పుడు ఊహకే అందదు.

వాడగా తెలిసినవి ఇంకొన్ని ఉన్నాయి. లోతుగా ఉన్న బోల్టుకి పొడవాటి బిట్టు వాడక తప్పదు, కానీ పొడవు పెరిగేకొద్దీ అదే కాస్త మెలితిరిగి దెబ్బని మింగేస్తుంది. వీలైనంత పొట్టిది వాడాలి, అదీ ఇంపాక్ట్ కోసం చేసినదే. బోల్టు తలలోని మట్టిని సూదితో గీకి, బిట్టుని సుత్తితో తట్టి అడుగు దాకా దించాకే ట్రిగ్గర్ నొక్కాలి. లేకపోతే మూలలు అరిగిపోయి, తలని డ్రిల్లుతో తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది.

బిగించడానికి మాత్రం దీన్ని దూరంగా పెట్టండి. ఈ బోల్టు బిగింపు చాలా పాత బండ్లకి 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్యే. ఒక మోస్తరు ఇంపాక్ట్ రెంచ్ కూడా 200 దాటించగలదు. కొత్త రాగి వాషర్, మధ్యరకం థ్రెడ్ లాకర్, బిగింపుని కొలిచే టార్క్ రెంచ్, అంతే. ఫోర్కు పైపుల్ని పట్టి ఉంచే పై క్లాంపుల బోల్టుల దగ్గరా దీన్ని వాడను, ఆ అల్యూమినియం మరలు సున్నితం. ఇక తుప్పుతో ఫోర్కు పైపే క్లాంప్‌లో ఇరుక్కుపోతే దీని సాయం ఏమీ ఉండదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున అటూ ఇటూ తిప్పుతూ కిందికి లాగాల్సిందే.

నా దగ్గరున్నవి పాత బండ్లు, అన్నీ డ్యాంపర్ రాడ్ ఫోర్కులవే. ఆయిల్ సీళ్ల కోసం ఏదో ఒక జత తరచూ విప్పుతూనే ఉంటాను, కాబట్టి నాకు పెట్టిన డబ్బు ఎప్పుడో వసూలైంది. ఒక్క బండి ఉండి, ఎన్నో ఏళ్లకోసారి సీళ్లు మార్చేవాళ్లయితే ముందు కర్రతో ప్రయత్నించమంటాను. అదీ లొంగకపోతే ఫోర్కు కాలు విప్పి, గాలితో నడిచే ఇంపాక్ట్ గన్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి ఆ ఒక్క బోల్టు వదులు చేయించుకోవచ్చు.