మా ఈఎస్ఐ డిస్పెన్సరీ, అందులో మందుల కిటికీ

ఈఎస్ఐ (జీతంలో కోతతో నడిచే ఉద్యోగుల ఆరోగ్య బీమా) డిస్పెన్సరీ అనగానే మా కంపెనీలో సగం మంది మొహం చిట్లిస్తారు. లైన్లు, డాక్టర్ తల ఎత్తకుండా చీటీ రాసెయ్యడం, ఇవన్నీ నిజమే, కొత్తగా చెప్పేదేం లేదు. అయినా కొన్నేళ్లుగా అమ్మను అక్కడికే తీసుకెళ్తున్నాను. కారణం డాక్టర్ కాదు, మందుల కిటికీ.

అమ్మకు షుగర్, బీపీ. నా కార్డు మీదే ఆమె పేరుంది. ఒకసారి గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్లలు లేవన్నారు. "ఇండెంట్ పెట్టినం, వారం ఆగి రాండ్రి." షుగర్ వారం ఆగుతుందా? బయట మెడికల్ షాపులో అదే డోసు కొన్నాను. ఆ స్ట్రిప్పులు ఇంకా ఉండగానే డిస్పెన్సరీలో స్టాక్ వచ్చింది, అక్కడివీ ఇచ్చారు. సర్కారు సప్లై స్ట్రిప్పు మీద మందు అసలు పేరు పెద్దగా ఉంటుంది. షాపు స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టుకున్న పేరు పెద్దగా, అసలు పేరు చీమ తలకాయంత. రంగూ వేరే. అమ్మ ఇవి రెండు రకాల మందులనుకుని పొద్దున టిఫిన్‌కు ముందు రెండూ వేసుకుంటోంది. పదకొండయ్యేసరికి చెమటలు, చేతులు వణకడం, కళ్లు తిరగడం. ఎండలు కదా, వయసు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంటోంది.

తర్వాత మందులకు వెళ్లినప్పుడు, ఏవి అయిపోయాయో పేర్లు చెప్పడం రాదని, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకొచ్చింది. కిటికీ అవతల ఉన్న ఫార్మసిస్టు అమ్మాయి ఆ కవరంతా బల్ల మీద గుమ్మరించింది. వెనక లైన్లో గొణుగుడు మొదలైంది. ఆమె పట్టించుకోలేదు. రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి, "అమ్మా, గివి రెండూ ఒక్కటే మందు. పొద్దుగాల రెండూ ఏస్కుంటున్నవా?" అని అడిగింది.

"అవు బిడ్డా, ఒకటి తెల్లగుంటది, ఒకటి ఆకుపచ్చ. డాక్టరే ఇచ్చిండు గదా."

చెమటలు పడుతున్నాయా, ఏ టైముకు, అని ఇంకో రెండు ప్రశ్నలు వేసి, లైనుతో పని లేకుండా తనే డాక్టర్ గదికి తీసుకెళ్లింది. వేలికి గుచ్చి చూస్తే షుగర్ పడిపోయి 70 కంటే కింద ఉంది. చక్కెర నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. తర్వాత ఆ అమ్మాయి డిస్పెన్సరీ స్ట్రిప్పుల మీద మార్కర్‌తో "పొద్దుగాల ఒకటే" అని తెలుగులో రాసి, షాపువి విడిగా కట్టి ఇచ్చింది. బయట ఇన్ని ఫీజులు కట్టాను, అమ్మ కవర్‌లోకి తొంగి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

అయితే ఈ తికమక పుట్టిందే ఆ కిటికీలో స్టాక్ లేకపోవడం వల్ల. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో ఒక మందు ఉండదు. పైగా ఆ అమ్మాయిని కొన్ని రోజులు వేరే డిస్పెన్సరీకి డిప్యుటేషన్ వేస్తారు. ఆ రోజుల్లో ఇక్కడ కూర్చునే ఆయన స్ట్రిప్పులు ముందుకు తోసి "నెక్స్ట్" అంటాడు. కాబట్టి నేను మెచ్చుకుంటున్నది డిస్పెన్సరీనా, ఒక మనిషినా అంటే గట్టిగా చెప్పలేను.

డబ్బు లెక్కకొస్తే నాకు ఇదే నయం. జీతంలో నా వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25. అంటే 20,000 జీతానికి నాకు కోత 150 రూపాయలు, ఇంటిల్లిపాదికీ. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెంచారు, మంచిదే, కానీ అది ఆపరేషన్లకూ అడ్మిషన్లకూ గానీ నెలనెలా షుగర్ బిళ్లలకు కాదు. నాది సెకండ్ షిఫ్టు కాబట్టి పొద్దున లైన్లో నిలబడగలను. జనరల్ షిఫ్టు వాళ్లకు సగం రోజు పోతుంది. ఇంట్లో చిన్న పిల్లలుండి అర్ధరాత్రి జ్వరాలొచ్చే వాళ్లకు ఇది ఏమాత్రం సరిపోదు.

జూన్‌లో ఇంక్రిమెంట్ పడితే నా జీతం ఈఎస్ఐకి ఉన్న పరిమితి 21,000 దాటుతుంది. దాటగానే కార్డు ఆగిపోదు, కాంట్రిబ్యూషన్ పీరియడ్ (కోతల లెక్కకు పెట్టిన ఆరు నెలల గడువు) ముగిసే సెప్టెంబర్ దాకా కోత నడుస్తుంది. ఆ తర్వాత సంగతి తేలలేదు. పక్క వీధిలో బస్తీ దవాఖాన (సర్కారు చిన్న క్లినిక్) ఉంది, అక్కడ జీతం ఎంతని అడగరు. ముందు ఒకసారి అమ్మ బీపీ అక్కడ చూపిస్తాను.