సెన్సస్ వాళ్ల సీవాప్ పట్టిక: మనవాళ్ల ఓట్లు లెక్కపెట్టబోయి

మేముండేది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఫోర్సైత్ కౌంటీలో. మిత్రుడొకాయనకి స్కూల్ బోర్డు ఎన్నికలో నిలబడాలని మనసైంది. వాట్సాప్ గ్రూపులో 900 మంది, ఉగాదికి గుళ్లో ఇసుక వేస్తే రాలని జనం. ఇంకేం, సీటు మనదే అన్నారంతా. ఎక్సెల్ వచ్చినవాణ్ని కాబట్టి లెక్క తీసే పని నా నెత్తిన పడింది.

ముందు నెలకి 49 డాలర్లు పోసి రంగురంగుల మ్యాప్ యాప్ ఒకటి తీసుకున్నా. పేరెందుకు లెండి. అది ఇంటిపేరు చూసి జాతి ఊహిస్తుంది. పాస్‌పోర్టులో లాస్ట్ నేమ్ థామస్ అని ఉన్న పాపానికి మా గుంటూరాయన్ని తెల్లవాళ్లలో కలిపేసింది! జార్జియాలో ఓటరు నమోదు ఫారంలోనే జాతి అడుగుతారు, ఇంక ఊహించే ఖర్మేంటి? నెల తిరక్కుండా మానేశా.

తర్వాత దొరికింది సెన్సస్ బ్యూరో, అంటే జనాభా లెక్కల శాఖవాళ్ల సీవాప్ (CVAP, ఓటు వయసొచ్చిన పౌరుల లెక్క) పట్టిక. పైసా ఖర్చు లేదు. 18 నిండిన పౌరులెందరో జాతులవారీగా, రాష్ట్రం నుంచి చిన్న పేట దాకా చూపిస్తుంది. 2020 జనాభా లెక్కల్లో పౌరసత్వం ప్రశ్న లేదు కాబట్టి, ఏటా జరిగే అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి లాగుతారు.

ఇందులో అసలు సరుకు రెండు కాలమ్‌లు. ఒకటి 18 దాటినవాళ్లు, రెండోది వాళ్లలో పౌరులు. మా కౌంటీ ఏషియన్ వరసలో మొదటి అంకె చూసి ఈల వేశాం, రెండోది చూసి కూలబడ్డాం. మా బావమరిదినే తీసుకోండి: 12 ఏళ్లుగా హెచ్1బీ, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. పన్ను కడతాడు, మొదటి కాలమ్‌లో ఉంటాడు, రెండోదాంట్లో ఉండడు. ఉగాది జనంలో ఇలాంటివాళ్లెందరో!

రాష్ట్రం మొత్తమ్మీద 2019 నాటికి ఓటర్లు కాదగ్గవాళ్లలో నల్లజాతివాళ్లు మూడోవంతు, తెల్లవాళ్లు 58 శాతం (2000లో 68), ఏషియన్లు 3 శాతం దాకా అని ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కగట్టింది. మూడే కదా అంటారేమో, 2020లో ఇక్కడ బైడెన్ నెగ్గింది 11,779 ఓట్లతో. ఈ ముక్క చెప్పాకే మా మిత్రుడి మొహంలోకి మళ్లీ రక్తం వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. పేటల ఫైలు 30 లక్షల వరసలకు పైమాటే. ఎక్సెల్ 10,48,576 దగ్గర ఆగిపోతుంది. రాష్ట్రాల వరసలో జార్జియా ముందే వస్తుంది కాబట్టి బతికిపోయాం గానీ, టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడు పైథాన్ ప్రోగ్రామ్ రాసుకోవాల్సొచ్చింది. సర్వే అంచనా కాబట్టి పేట స్థాయిలో కొన్నిచోట్ల అంకె కన్నా అటూఇటూ తేడాయే (మార్జిన్ ఆఫ్ ఎర్రర్) పెద్దది. పైగా ఐదేళ్ల సగటు. 2010లో 1,75,511 ఉన్న మా కౌంటీ 2020కి 2,51,283 అయింది, అంత పరుగుని ఈ సగటు అందుకోలేదు.

తెలుగువాళ్లు విడిగా కనపడరు. కొరియన్లు, చైనీయులు, గుజరాతీలు, మనం, అంతా ఒకే గిన్నె. నా రేటింగ్ నాలుగు స్టార్లు. మా మిత్రుడు ప్రస్తుతం కొరియన్ చర్చి పాస్టర్ నంబరు ఎవరిదగ్గరైనా ఉందా అని అడుగుతూ తిరుగుతున్నాడు.