ఎనిమిదేళ్లు వానలో తడిపాక: ఉడ్‌ల్యాండ్ యూనిఫాం

పక్షుల ఫొటోల పిచ్చితో ఎనిమిదేళ్ల కిందట సైన్యం పాత సరుకులోంచి చెట్లలో కలిసిపోయే మచ్చల యూనిఫాంలు, చొక్కా ప్యాంటు, రెండు జతలు కొన్నాను. (కొన్ని దేశాల్లో మామూలు జనం ఇవి వేసుకోకూడదు, ముందు అది కనుక్కోండి.) రెండూ అమెరికన్ సైన్యం 1981లో తెచ్చిన ఎం81 ఉడ్‌ల్యాండ్ ప్యాటర్నే. ఆకుపచ్చ, గోధుమ, ఇసుక రంగు, నలుపు. పక్కపక్కన పెడితే అచ్చు కవలలు. లేబుల్ చూస్తేనే తేడా తెలుస్తుంది: ఒకటి నూరు శాతం కాటన్, రెండోది నైలాన్, కాటన్ సగం సగం.

వాన పడిందంటే ఆ పోలిక పోతుంది. కాటన్ ప్యాంటు నీళ్లు తాగి బరువెక్కి మోకాళ్లకి అతుక్కుంటుంది. గట్టు ఎక్కాలంటే ముందు తొడ దగ్గర గుడ్డ చేత్తో పైకి లాక్కోవాలి. రాత్రి తాడు మీద ఆరేస్తే, మోకాళ్ల దగ్గరా సీటు దగ్గరా గుడ్డ రెండు పొరలు కాబట్టి, పొద్దున్నకి కూడా అక్కడ చెమ్మే. నైలాన్ కలిసింది కూడా తడుస్తుంది, కాదనను. కానీ వాన తెరిపిస్తే నడుస్తుండగానే ఒంటి మీద ఆరిపోతుంది. ఎండలో మాత్రం కాటనే హాయి.

ఇక దాక్కోవడం సంగతి. తడిస్తే రంగులన్నీ ముదురుతాయి. దారాల మధ్య నీళ్లు చేరితే వెలుతురు బయటికి తక్కువగా తిరిగొస్తుంది. గోధుమ, నలుపు కలిసిపోతాయి. స్నేహితుడు తీసిన ఫొటోలో నేను పొదలా కాదు, నల్లటి మూటలా ఉన్నాను! ఈ ప్యాటర్న్ అమెరికన్ సైన్యం ల్యాబ్ ఈఆర్‌డీఎల్ 1948లో చేసిన డిజైన్‌ని దూరానికి పనికొచ్చేలా పెద్దది చేసింది. తడిశాక ఆ దూరంలోనే పని చెయ్యదు.

పైన వేసుకునేది జర్మన్ ఫ్లెక్‌టార్న్ చుక్కల రెయిన్ జాకెట్, నీళ్లు రాకుండా, చెమట ఆవిరి మాత్రం పోయేలా లోపల సన్నటి రంధ్రాల పొర ఉన్నది. చలివానలో బంగారం. ఉక్కపోత వానలో మాత్రం బయటి గాలి కూడా తేమే కాబట్టి చెమట ఆవిరి బయటికి పోదు, లోపల్నుంచే తడిసిపోతాం. అప్పుడు జాకెట్ తీసేసి చొక్కాతో తడవడమే మేలు. పైగా వాన ఆగాక చెయ్యి కదిపితే చాలు, కరకరమంటుంది. పక్షి మన రంగుల కన్నా ముందు ఆ చప్పుడునీ కదలికనీ పట్టేస్తుంది.

ఒక తప్పు నాదే. ఆ జాకెట్‌ని ఫాబ్రిక్ కండిషనర్ వేసి ఉతికాను. అంతకుముందు ముత్యాల్లా జారిపోయే చినుకులు గుడ్డలోకి ఇంకడం మొదలైంది. నాలుగుసార్లు ఉత్త నీళ్లలో జాడించి, డ్రయర్‌లో సన్నటి వేడికి తిప్పితే చాలావరకు తేరుకుంది. భుజాల దగ్గర మాత్రం లేదు, అక్కడ బ్యాగు పట్టీలు ఎప్పుడో అరగదీశాయి. ఇప్పుడు వానలో ముందు నల్లబడేది ఆ రెండు చారలే.

కాటన్ జత ఎండాకాలానికి పరిమితం చేశాను. మోకాళ్ల మీద బూజు మచ్చలు ఎంత ఉతికినా పోలేదు. కాస్త దూరం నుంచి అవీ ప్యాటర్న్‌లో భాగంలాగే ఉన్నాయిలెండి.