ర్యాంపు లేని కార్యాలయం: కమిషనర్‌కు ఫిర్యాదా, హైకోర్టులో రిట్టా?

ఖర్చు: వికలాంగుల కమిషనర్‌కు మీ అర్జీ మీరే రాసుకోవచ్చు, న్యాయవాది అక్కరలేదు. హైకోర్టులో రిట్‌కైతే, అంటే ప్రభుత్వ శాఖను ఆదేశించమని వేసే పిటిషన్‌కైతే, న్యాయవాది దాదాపు తప్పదు. అయితే 1987 న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఈ మాట కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, మీరే అడగాలి.

బలం: అసలు తేడా ఇక్కడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం కమిషనర్‌కు సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. తీరా ఆయన ఇచ్చేది సిఫార్సు. శాఖ దాన్ని అమలు చేయాలి, లేదా ఎందుకు చేయదో మూడు నెలల్లో కారణాలు చెప్పాలి. కారణాలు రాయడం మన శాఖలకు కొత్త విద్యా? హైకోర్టు ఉత్తర్వును కాదంటే మాత్రం కోర్టు ధిక్కారం.

కాలం: కోర్టు దారి సుదీర్ఘం. భవనాలు, రోడ్లు వికలాంగులకు అందుబాటులో ఉండాలని, దృష్టి లోపం ఉన్న రాజీవ్ రాతూరి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్తే, 2016 చట్టం కింద చేసిన నిబంధనల్లో అందుబాటు ప్రమాణాల గురించిన 15(1)వ నిబంధన చట్టవిరుద్ధమన్న తీర్పు 2024 నవంబరులో వచ్చింది.

ఒక్క కార్యాలయం, ఒక్క మెట్ల వరుస అయితే కమిషనరే మేలు. ఉద్యోగ నియామకాల్లాంటి గడువు ముంచుకొస్తున్నా (అప్పుడు మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు), సిఫార్సును శాఖ పక్కన పడేసినా హైకోర్టుకే వెళ్లండి. సిఫార్సు వచ్చి ఉంటే దాని ప్రతిని రిట్‌కు జతచేయండి.